సన్నాయికి అల్యూమినియం గరాటు

ఇనుము కోసీ కోసీ నా చెవులు మొద్దుబారాయని మా ఆయన అంటుంటాడు. ఆయన మాట నేను లెక్కచెయ్యను. పొద్దస్తమానం వెల్డింగు నిప్పులు చూసీ చూసీ ఆయన కళ్ళు ఏమైనాయో నాకు తెలియదా? నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన మాకో రేకుల షెడ్డు ఉంది. అందులో సగం ఆయన వెల్డింగు, సగం నా లేతు మిషను. ఆ లేతు మా నాన్నది. ఆయనకు కొడుకుల్లేరు, పనోళ్ళు నిలిచేవాళ్ళు కాదు. మధ్యాన్నం అన్నం కారియరు తీసుకుపోయిన నన్నే ఒకరోజు ఈ హ్యాండిలు తిప్పుతా ఉండమన్నాడు. అట్టా పట్టుకున్నదాన్ని ఇంగ వదల్లేదు. పెళ్ళిచూపుల్లో మా అత్త నా అరచేతులు చూసి బిత్తరపోయింది. ఇప్పటికీ కొత్తోళ్ళు షెడ్డు ముందు బండి ఆపి టర్నరు లేడా అని అడుగుతారు. నేనేలే, ఏం కావాలో చెప్పు అంటాను. కొంతమంది బండి తిప్పుకుని పోతారు. పొయ్యేవాళ్ళని పోనిస్తాను.

నా దగ్గరికొచ్చే పని అంతా ఇనుమే. ట్రాక్టరు పిన్నులు, బోరు మోటారు షాఫ్టులు, పత్తి మిల్లు బుష్షులు. ఇనుము మొండిది, కానీ దాని మొండితనం నాకు అలవాటు. ఎంత లోతు తీస్తే మిషను మూలుగుతుందో, ఎప్పుడు పొగ లేస్తుందో చెయ్యే చెప్తుంది. అల్యూమినియం అంటే మాత్రం నాకు తెలిసింది అన్నం గిన్నె. అది కూడా చొట్టలుపడ్డ గిన్నె.

శివరాత్రి తిరునాళ్ళ అయిపోయి, కోటప్పకొండ నుంచి వచ్చిన బండ్ల దుమ్ము ఇంకా అణగని రోజుల్లో సన్నాయి బాబాయి మా షెడ్డుకు వచ్చాడు. మా వీధిలో ఆయన్ని అందరూ అట్టానే పిలుస్తారు. సాయిబుల కుటుంబం. వాళ్ళ తాత, వాళ్ళ నాన్న, ఆ తర్వాత ఈయన, మా వీధి చివర రాములవారి గుళ్ళో సన్నాయి వాయించింది వీళ్ళే. నమాజు వేళకు నమాజు, హారతి వేళకు సన్నాయి. మా పెళ్ళిలో వాయించింది కూడా ఈయనే. తాళి కట్టే వేళ అందరూ పెళ్ళికొడుకును చూస్తుంటే నేను తలొంచుకునే ఓరకంటితో చూసింది ఆయన సన్నాయి చివర తళతళా మెరిసే ఇత్తడి గరాటును. ఆ మాట మా ఆయనకు చెప్తే ఇప్పటికీ మూతి ముడుస్తాడు.

పోయిన వానాకాలం బాబాయికి పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది. దేవుడి దయ, మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. చెయ్యి కూడా వచ్చింది గానీ దాంట్లో బలం రాలేదు. వేళ్ళు ఆడతాయి, ఊపిరి నిలబడుతుంది, కానీ సన్నాయి ఎత్తి పట్టుకుంటే చివరనున్న గరాటు బరువుకు ఎడం చెయ్యి దిగిపోతుంది. గుడి కమిటీ వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. హారతి ఆగకూడదని, కరెంటుతో డోలు గంట కొట్టే మిషను ఒకటి, దాంతోపాటు రికార్డు సన్నాయి వచ్చే పెట్టె ఒకటి తెచ్చి పెట్టారు. ఇంగ మీరు కూర్చోండి పెద్దాయనా, మర్యాద ఎప్పటికీ ఉంటది అన్నారంట. ఈయన ఒప్పుకోలేదు. నవమి కల్యాణం దాకా ఆగండి, అప్పటికీ ఎత్తలేకపోతే నేనే సన్నాయి గుడ్డలో చుట్టేస్తా అని చెప్పి వచ్చాడు. అదంతా మా బల్ల మీద కూర్చుని చెప్పి, సంచీలోంచి ఆ ఇత్తడి గరాటు తీసి నా ముందు పెట్టాడు.

"అమ్మాయ్, ఇట్టాంటిదే ఇంకోటి, బరువు లేనిది చెయ్యగలవా? చేస్తే నవమికి నేను వాయిస్తా. లేకపోతే ఆ పెట్టె వాయిస్తది."

ఆయన దాన్ని అనసు అన్నాడు. నేను మాత్రం గరాటు అనే అన్నాను, నాకు అది గరాటే. చేతిలోకి తీసుకుంటే చెయ్యి దిగింది. ఇత్తడినే లోపల కోసి పల్చన చేస్తానంటే గరాటు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. అది వాళ్ళ నాన్నదంట, దాని మీద కత్తి పెట్టొద్దన్నాడు. చెక్కది ఒకటి తెప్పించి చూశాడంట, అది మందంగా ఉండి గొంతు లోపలికి పోయిందంట. మా ఆయన వెల్డింగు ముసుగు పైకి లేపి, పల్చటి రేకు చుట్టి వెల్డింగు కొట్టి సాయంత్రానికి ఇస్తానన్నాడు. అతుకు ఉంటే గొంతులో జీర వస్తది బాబూ అన్నాడాయన. మా ఆయన ముసుగు దించుకున్నాడు.

అల్యూమినియం అయితే ఇత్తడిలో మూడో వంతే తూగుతుందని నాకు తెలుసు. పాత సామాను కొట్లో వెతికితే ఒకే ఒక్క దిమ్మె దొరికింది. దాచేపల్లి వైపు ఫ్యాక్టరీల పాత ఇనుములో పడి వచ్చిందంట. జానెడు అడ్డం, అంతకంటే కాస్త పొడుగు. ఇట్టాంటిది ఇంకోటి ఎప్పుడొస్తదో చెప్పలేనన్నాడు కొట్టాయన. మా ఆయన దాన్ని బండి మీద చంటిపిల్లను పెట్టుకున్నట్టు ముందు పెట్టుకుని తెచ్చాడు. నాకు తెలియని లోహం, ఒక్కటే దిమ్మె, ఎదురుగా నవమి. అయినా బాబాయికి సరే అని చెప్పేశాను.

టర్నరుకు కోసేది మిషను కాదు, మిషనుకు బిగించిన ఇన్సర్టు. గోరంత ముక్క, కత్తి మొన లాంటిది. నా దగ్గరున్న వాటిలో మంచివి బంగారం రంగు పూత పూసినవి. ట్రాక్టరు పిన్నును వెన్నలా కోస్తాయి, త్వరగా అరగవు. బంగారం రంగు చూస్తే ఆడదాన్ని నేను నమ్మకుండా ఎట్టా ఉంటా? కొత్తది తీసి బిగించాను. ఇది మెత్తటి లోహం కదా, దీంతో మెల్లగా పోవాలి అనుకుని బెల్టు ఒక మెట్టు కిందికి దించాను. మా లేతుకు గేర్లు ఉండవు. మెట్లు మెట్లుగా ఉన్న చక్రాల మీద బెల్టు జరిపితే వేగం మారుతుంది. ముందు దిమ్మె కొసనే పైపైన కోసి చూశాను, పాడైనా తీసేసే చోటే కదా అని.

ఏం చెప్పమంటారు. కుక్క కొరికి వదిలిన కొబ్బరిచిప్పలాగా వచ్చింది. గరుకు, చింపిరి, అక్కడక్కడా బొబ్బలు. ఇంకా మెల్లగా తిప్పాను, ఇంకా దరిద్రంగా వచ్చింది. మిషను ఆపి ఇన్సర్టు తీసి ఎండలో పెట్టి చూస్తే, మొన మీద అల్యూమినియం ముద్దకట్టి అతుక్కుని ఉంది. నేను కత్తితో కోస్తున్నాననుకున్నాను గానీ, ఆ ముద్దతో గీకుతున్నానన్నమాట. అంత మెత్తటి లోహం అంత గట్టి మొనను పట్టుకుని మింగేసింది. వెనక నుంచి మా ఆయన, "ఏమే, రేకు చుట్టమంటావా?" అన్నాడు. నోరు మూసుకుని నీ పని చూసుకో అన్నాను. ఇంకా చానా అన్నాను, అవి ఇక్కడ రాయను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి గుంటూరు పోయి, పనిముట్లు అమ్మే కొట్లో ఆ ముద్దకట్టిన మొన చూపించాను. అల్యూమినియానికి పూత ఉన్నది పనికిరాదమ్మా, పూత కనపడితే ఈ లోహానికి అతుక్కునే బుద్ధి, పైగా ఇనుము కోసే మొనకు అంచు కాస్త మొద్దుగా పెడతారు అన్నాడు అతను. పూతా గీతా లేనిది, అద్దంలా పాలిషు పట్టింది ఒకటి ఇచ్చాడు. చూడ్డానికి బోసి మెడలా ఉంది. దీనికేనా ఇంత దూరం వచ్చింది అనుకుంటూ డబ్బాలోంచి తీయబోతే వేలు తెగింది. తెగినట్టు కూడా తెలియలేదు, ఎర్రగా కనపడితే చూసుకున్నా. అంత పదును. ఇంకో మాట కూడా చెప్పాడతను, మెల్లగా కాదు, నీ మిషను ఎంత ఉరికితే అంత ఉరికించు అని. మెత్తదాన్ని ఉరికించడమేంది, నాకు మనసొప్పలేదు. అయినా వచ్చిన దారంతా అదే ఆలోచన.

షెడ్డుకు రాగానే బెల్టు కింద నుంచి మూడో మెట్టుకు ఎక్కించాను. రేషను కొట్లో కిరసనాయిలు ఇవ్వడం మానేసి చానా ఏళ్ళయింది కదా, మా ఆయన బండిలోంచి కాస్త డీజిలు తీసి బ్రష్షుతో రాశాను. నాన్నను తలుచుకుని మొన తాకించాను.

శబ్దం రాలేదు. నిజంగా రాలేదు. ఇనుము కోస్తే కేకలు, పొగ, నీలంగా మాడిన తీగలు. ఇదేమో నూనెలో వడియం వేసినట్టు సన్నగా సుయ్యిమంది, మొన కింద నుంచి వెండి తీగ చుట్టలు చుట్టలుగా లేచి నా చేతి మీద పడింది. వెచ్చగా కూడా లేదు. మొన వెనకాల లోహం నీళ్ళ మీద ఎండ పడ్డట్టు తేరుకుంటా వచ్చింది. మిషను ఆపి వంగి చూస్తే ఆ దిమ్మె కొసలో నా ముఖం కనపడింది. నా బొట్టు కనపడింది. ఇన్నేళ్ళ పనిలో నేను కోసినదాంట్లో నా ముఖం నేను చూసుకోవడం అదే మొదటిసారి. అమ్మో అని అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. మా ఆయన వచ్చి చూసి, తన మీసం కూడా అందులో చూసుకుని, ఏమీ అనకుండా పోయాడు. ఆయన ఏమీ అనకపోవడం మా ఇంట్లో పెద్ద పొగడ్త.

అట్టాగని అంతా నున్నగా జరిగిపోలేదు. గరాటు అంటే ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. రెండు హ్యాండిళ్ళు రెండు చేతులతో ఒకేసారి తిప్పుతూ, ఇత్తడి గరాటు వంపును అట్టముక్క మీద కత్తిరించుకుని దాంతో పోల్చుకుంటూ కోస్తున్నా. అంచు దగ్గర అద్దంలా వస్తుంది, సన్నటి గొంతు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ చింపిరి. అదే మొన, అదే బెల్టు, అదే డీజిలు. ఎందుకో అర్థంకాక ఒక పూటంతా చూస్తూ కూర్చున్నా. చివరికి చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్ళో కళ్ళం తొక్కించడం గుర్తొచ్చింది. ఎడ్లన్నీ ఒకే తాడుకు కట్టి తిప్పుతారు. గుంజ దగ్గరున్న ముసలెద్దు నిలబడ్డచోటే అడుగులేస్తుంది, బయట చివరనున్న కోడె పరుగెత్తాలి. చుట్టు మాత్రం అందరిదీ ఒకటే. గరాటు కూడా అంతే. అంచు ఉరుకుతుంటే గొంతు నడుస్తోంది, నడిచేచోట లోహం మొనకు అతుక్కుంటోంది. గొంతు దగ్గరికి రాగానే బెల్టు ఇంకో మెట్టు ఎక్కించాను, అక్కడా అద్దం పరుచుకుంది. కొట్టతను చెప్పిన ఉరుకు ఏందో అప్పుడు తెలిసింది. మిషను ఎంత తిరుగుతుందని కాదు, మొన దగ్గర లోహం ఎంత వేగంగా పోతుందని. ఇంత కాలం ఈ చక్రం ముందు నిలబడి, ఒక్క తిరుగుడులో ఇన్ని వేగాలు ఉంటాయని నేను ఎప్పుడూ అనుకోలేదు.

లోపల కోసేటప్పుడు వణుకు రాకుండా పైన సైకిలు ట్యూబు బిగించి చుట్టాను, అది నాన్న నేర్పిన కిటుకు. పైనా లోపలా అయ్యేసరికి గరాటు స్టీలు కంచం అంచంత మందం మిగిలింది. బాబాయికి కబురు పెట్టాను. ఆయన సన్నాయికి దాన్ని తొడిగి, గోడకు ఆనుకోకుండా నిలబడి ఎత్తాడు. ఎత్తాడమ్మా, అనుకునేలోపే ఎడం మోచెయ్యి అదరడం మొదలుపెట్టింది. ఇంకాసేపు బిగబట్టాడు. ముఖం ఎర్రబడింది. చెయ్యి మెల్లగా దిగింది. దిగినాక నా వైపు చూడకుండా గరాటునే చూశాడు.

"ఇంకొంచెం ఉంది తల్లీ," అన్నాడు. "కల్యాణంలో తాళి కట్టేదాకా పట్టుకోవాలి."

అంటే ఉన్న మందంలో సగానికి పైగా తీసెయ్యాలి. పెళ్ళికార్డు అట్టకంటే కాస్త మందం, అంతే మిగలాలి. అట్టాంటిది లేతు మీద ఎవరూ చెయ్యంగా నేను చూడలేదు. మొన ఒక్కచోట ఎగబడిందంటే గరాటుకు బొక్క పడుద్ది, ఇంకో దిమ్మె లేదు, నవమి ఆ వారంలోనే. వద్దని చెప్పేద్దామనుకున్నా. ఆయన మాత్రం మా స్టూలు లేతు పక్కకు లాక్కుని కూర్చున్నాడు. ఎప్పుడు మొదలుపెడతావని కూడా అడగలేదు.

లేతు మీద ముక్కను పట్టి తిప్పే చక్కులో చెక్క దిమ్మె ఒకటి బిగించి, దాని మీదికి గరాటు గొంతును గట్టిగా తొడిగాను. విచ్చుకున్న నోరు గాల్లో ఉంది. ఇన్సర్టును ఇంకా అరగని కొత్త మూలకు తిప్పాను. పైన మొన ఇట్టా తాకిందో లేదో గరాటు కెవ్వుమని అరిచింది. ఆ అరుపుకు పక్క పంచరు కొట్లోంచి జనం వచ్చారు. ఆపి చూస్తే అంచు చుట్టూ చేప పొలుసుల్లాగా గాట్లు. బెల్టు దించితే అరుపు తగ్గింది గానీ చింపిరి వచ్చింది. ఎక్కిస్తే మళ్ళీ అరుపు. మెల్లగా పోతే అతుక్కుంటుంది, ఉరికితే ఏడుస్తుంది. గాట్లు ఇంకొంచెం లోతు పడితే అవి తీసేలోపు లోహమే అయిపోతుంది. మిషను ఆపి గుడ్డతో చేతులు తుడుచుకుంటా నిలబడ్డా. ఆ నిమిషంలో నా మనసులో ఆ పెట్టె మోగుతోంది, అబద్ధమెందుకు.

బాబాయి లేచి వచ్చాడు. వంగి, గరాటు అంచును గోటితో టంగుమని మీటాడు. చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఆ మోతను గొంతులోనే సన్నగా అందుకుని మూలుగులాగా పట్టి ఉంచి, ఇప్పుడు మిషను వెయ్యమని సైగ చేశాడు. వేసి మొన తాకించాను. గరాటు అరిచింది. ఆయన గొంతులో ఉన్నదీ, గరాటు అరిచిందీ ఒకటే శ్రుతి. వెంట్రుక తేడా లేదు.

"దానికో శ్రుతి ఉంది," అన్నాడాయన. "నీ కత్తి దాని మీదే పడుతోంది, అందుకే పాడుతోంది. మాకైతే శ్రుతి కలవాలి. నీకు కలవకూడదు."

కలవకుండా ఎట్టా చెయ్యాలి బాబాయ్, మా బెల్టుకు ఉన్నవే నాలుగు మెట్లు అన్నాను. ఆయన నవ్వాడు. పక్షవాతం వచ్చినాక ఆయన నవ్వగా నేను చూసింది అప్పుడే. మృదంగం వాళ్ళు ఎడం వైపు పిండిముద్ద ఎందుకు పెడతారో చూడలేదా అని అడిగాడు. గొంతు దించడానికి. ఎక్కువ పెడితే అసలు గొంతే రాదు. దీని కడుపులో కూడా ముద్ద పెట్టు, నోరు మూసుకుంటది అన్నాడు.

నేను ఇంటికి పరుగెత్తి గోధుమపిండి కలుపుకొచ్చాను. చపాతీ పిండి కంటే మెత్తగా, చెవి తమ్మెలాగా ఉండాలన్నాడు, అట్టానే కలిపాను. మా ఆయన గిన్నెలోకి తొంగి చూసి, లేతు మీద పుల్కాలు కూడా కాలుస్తావా అన్నాడు. నేను గిన్నె బాబాయి ముందు పెట్టాను. బాబాయి తన మంచి చేత్తో ఆ పిండిని గరాటు లోపల అంచు పొడుగునా అద్దుకుంటా పోయాడు. కొంచెం అద్దడం, గోటితో మీటడం, వినడం. టంగుమన్నది టక్కుమంది, టక్కుమన్నది చివరికి తలుపు మీద కొట్టినట్టు టప్పుమంది. చుట్టూ ఒకే మందంలో ఉందా లేదా అని వేలు పెట్టి చూశాడు. ఇంగ కానీ అన్నాడు.

ముద్ద ఊడి ముఖాన పడుతుందేమోనని భయపడతా బెల్టు మళ్ళీ మూడో మెట్టుకు ఎక్కించి మిషను వేశాను. ఊడలేదు. తిరిగే కొద్దీ పిండి అంచుకే అదుముకుంది. మొన తాకించాను. అవతల మా ఆయన వెల్డింగు కూడా ఆగిపోయింది.

సుయ్యిమంది. అంతే. అరుపు లేదు, వణుకు లేదు. వెంట్రుక కంటే సన్నటి వెండి తీగ, గాలికి కూడా తేలేది, మొన మీంచి లేచి డీజిలు వాసనలో ఊగుతోంది. గాట్లన్నీ ఒక్కొక్కటే మాయమైపోయినాయి, కింద నుంచి అద్దం బయటికొచ్చింది. గొంతు వైపు వచ్చేసరికి మెట్టు మార్చి, మళ్ళీ తాకించి, మళ్ళీ. బాబాయి కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఒకచోట మాత్రం చెయ్యి ఎత్తాడు, నేను ఏమీ వినకముందే. ఆపి చూస్తే అక్కడ పిండి ఎండి బీట తీసింది. తడిచేత్తో అద్ది మళ్ళీ సాగాం. నా చేతుల్లో ఉన్నది నేనెరిగిన పనే, నాన్న నేర్పిన పనే, కానీ ఆ పూట అది నాకంటే చానా పెద్దదిగా కనపడింది. అన్నం గిన్నె లోహం, చపాతీ పిండి, బోసి మొన, ఒక మనిషి చెవి. ఇవి కలిసి ఇట్టా అవుతాయని ఎవరు చెప్తే నమ్ముతాను? రెండు చేతులూ ఖాళీ లేవు గానీ, ఉంటే దండం పెట్టేదాన్ని.

పిండి కడిగేసి గరాటు ఆయన చేతిలో పెడితే ఎండలోకి తీసుకుపోయి చూశాడు. సన్నాయికి తొడిగి ఎత్తాడు. చెయ్యి అదిరింది, దిగలేదు. వాయించు బాబాయ్, ఒక్కసారి అన్నాను. తల అడ్డంగా ఊపి, గుళ్ళోనే అన్నాడు.

నవమి రోజు పందిట్లో ఇసకేస్తే రాలనంత జనం. నేనూ మా ఆయనా పానకం గ్లాసులతో స్తంభం పక్కన నిలబడ్డాం. ఆ పెట్టె ఒక మూల స్టూలు మీద ఉంది, పైన తువ్వాలు కప్పి. తీసెయ్యలేదు, కప్పారు. బాబాయి ఎత్తలేకపోతే తువ్వాలు తీస్తారు, అది ఆయనకూ తెలుసు. తెల్ల చొక్కా వేసుకుని డోలు పక్కన కూర్చున్నాడు. మొదట్లో చిన్న చిన్న కీర్తనలు వాయించాడు, మధ్య మధ్యలో సన్నాయి ఒళ్ళో పెట్టుకుని చెయ్యి రుద్దుకుంటా. గొంతు మారింది. ఇత్తడి గొంతులో కాస్త బెల్లం ఉండేది, దీంట్లో నిమ్మకాయ ఉంది. ఎవరో ముసలామె కొత్త సన్నాయా అని పక్కామెను అడగడం వినపడింది. బాబాయి మాత్రం ఆ కొత్త గొంతును వింటా వింటా, దాని దారి కనుక్కుంటా పోతున్నాడు.

పంతులుగారు మంగళసూత్రం ఎత్తి జనానికి చూపించాడు. గట్టిమేళం అన్నారు. డోలు విరుచుకుపడింది, అక్షింతలు లేచాయి, బాబాయి సన్నాయి ఎత్తి ఆ పెద్ద స్వరం అందుకున్నాడు. ఇంగ దించడానికి లేదు. సీతమ్మకు సూత్రం కట్టేదాకా, ఆ మూడు ముళ్ళూ పడేదాకా దించడానికి లేదు. ఆయన ఎడం మోచెయ్యి అదరడం ఇంత దూరానికీ కనపడింది. గరాటు అంచు మీద ఎండ పడి వణుకుతోంది. కాస్త దిగింది. మళ్ళీ లేచింది. మళ్ళీ దిగుతోంది. చెయ్యి వణుకుతుంటే స్వరం మాత్రం గీత గీసినట్టు నిలబడే ఉంది. అది ఎట్టా సాధ్యమో నాకు ఈ రోజుకూ తెలియదు. నేను కోసిన ప్రతి పొర బరువూ, తీసిన ప్రతి తీగ బరువూ ఆయన మోచేతి మీద ఇప్పుడు లేదు, లేదు అని మనసులో అనుకుంటా ఉన్నా. ఇంకొంచెం తీసి ఉండాల్సిందేమో అని కూడా అనుకున్నా.

మా ఆయన నా కొంగు పట్టి లాగాడు.

"ఏమే, చెయ్యి దించు. అందరూ చూస్తున్నారు."

చూసుకుంటే నా ఎడం చెయ్యి గాల్లో ఉంది, భుజానికి పైన, మోచెయ్యి వంచి, సన్నాయి పట్టుకున్నట్టు. ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. పానకం గ్లాసు కింద పడి ఉంది. చెయ్యి నొప్పి పుడుతోంది, అదురుతోంది కూడా. నేను దించలేదు. మూడో ముడి పడి, డోలు ఆగి, బాబాయి సన్నాయి ఒళ్ళోకి దించుకున్నాక దించాను.